మిషన్ ఆగితే పని ఏమైతది?

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో మన దేశపు సూపర్ కంప్యూటర్ల మీద వచ్చిన కథనం శ్రద్ధగా చదివాను. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో పెట్టిన ‘అర్క’, నోయిడాలోని వాతావరణ కేంద్రంలో పెట్టిన ‘అరుణిక’ 2024 సెప్టెంబరులో జాతికి అంకితమయ్యాయని, మొదటిది 11.77, రెండోది 8.24 పెటాఫ్లాప్స్ వేగంతో పనిచేస్తాయని రాశారు. ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కలని పిల్లలకు కూడా అర్థమయ్యేలా విడమర్చారు. సంతోషం. ఆ పేజీ కత్తిరించి మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద అంటించాను కూడా.

కానీ నేను వెతికిన మాట ఒకటి అందులో కనిపించలేదు. వేగం ఉంది, ఖర్చు ఉంది, ఫొటో ఉంది. అన్ని వేల మిషన్లు కలిసి ఒక పని చేస్తుంటే వాటిలో ఒకటి నడిమధ్య ఆగిపోతే ఆ పని గతేమిటి? దాన్ని ఎవరు అందుకుంటారు? ఎక్కడి నుంచి అందుకుంటారు? నా చదువంతా, ఇరవై రెండేళ్ల ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టే తిరిగింది కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే ముందుమాటలు కత్తిరించండి, మా నాయన మాటలు మాత్రం ఉంచండి.

నేను మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. మాది మక్తల్ వైపు పల్లె. మా నాయన గుంపు మేస్త్రీ. పాలమూరు లేబర్ అంటే తెలియనివారు మీ పాఠకుల్లో ఉండరు. డ్యాంలు, కాల్వలు, రోడ్లు ఎక్కడ పడితే అక్కడ మట్టి పని చేసొచ్చిన జిల్లా మాది. మా నాయన కింద ముప్పై, నలభై జోడీలు ఉండేవి. జోడీ అంటే మొగుడూ పెళ్లామూ. ఒకరు గడ్డపారతో తవ్వితే ఒకరు తట్టతో మోయాలి. నేను ఐదో తరగతి వరకు ఏడాదిలో సగం రోజులు ఆ గుడిసెల మధ్యే పెరిగాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

మొదటి క్లాసులో పిల్లలతో ఒక లెక్క చేయిస్తాను. ఒక కంప్యూటర్ సగటున ఐదేళ్లకోసారి చెడిపోతుందనుకుందాం. ఇంట్లో ఒక్కటే ఉంటే ఆ ఐదేళ్లు దాని ఊసే ఎత్తం. అలాంటివే 10,000 తెచ్చి ఒకే పనికి పెట్టామనుకోండి. ఐదేళ్లంటే సుమారు 1,826 రోజులు. 10,000ను 1,826తో భాగిస్తే ఐదున్నర దగ్గరకు వస్తుంది. అంటే రోజుకు ఐదారు మిషన్లు పడిపోతాయి, నాలుగున్నర గంటలకోటి చొప్పున. “అయితే ఇంకా మంచి మిషన్లు కొందాం మేడం” అని ప్రతి ఏడూ ఒకరైనా అంటారు. రెట్టింపు మన్నేవి కొన్నా తొమ్మిది గంటలకోటి పడుతుంది. వారం రోజుల పని పెడితే పద్దెనిమిది ఇరవై సార్లు తగులుతుంది. పెద్ద కంప్యూటర్‌లో చెడిపోవడమనేది ప్రమాదం కాదు, రోజువారీ సంగతి. పొలంలో కలుపు లాంటిది. కలుపు రాని చేను కోసం చూస్తూ కూర్చునే రైతు ఉండడు కదా.

ఇది నాకు పుస్తకంలో దొరికిన జ్ఞానం కాదు. 2011లో ఎం.టెక్ ప్రాజెక్టు కోసం అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా 64 మండలాల వానల లెక్కలు తీసుకొని, ఏ మండలంలో ఎప్పుడు ఎన్ని రోజులు వాన మొహం చాటేసే అవకాశం ఉందో లెక్కగట్టే ప్రోగ్రాం రాశాను. చదువుతున్న కాలేజీ ల్యాబ్‌లో ఎనిమిది కంప్యూటర్లు సెలవుల్లో వాడుకోమని ఇచ్చారు. పదకొండు రోజుల పని. రోజూ పొద్దున వెళ్లి తెర మీద అంకె పెరగడం చూసి వచ్చేదాన్ని. తొమ్మిదో రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీలు చేతులెత్తేశాయి. పొద్దున వెళ్తే ఎనిమిది తెరల మీదా లాగిన్ అడుగుతున్న బొమ్మ. తొమ్మిది రోజుల పనిలో ఒక్క అంకె మిగల్లేదు. ల్యాబ్ బయట వరండాలో కూర్చొని ఏడ్చాను. ఆ తడిమొహంతోనే ఇంటికి ఫోన్ చేశాను.

నాయన అంతా విని ఒక్కటే అడిగాడు. “కొలత ఎన్నడు పెట్టిచ్చినవ్ బిడ్డా?”

నాకు అర్థం కాలేదు. “గదే, ఆఖరుగ కొలత ఎన్నడు పడ్డది? కొలత పడ్డ పని యాడికి పోతది?”

కాల్వ పనిలో కూలి రోజుకింత అని ఉండదు. తవ్విన గుంతకు కొలత. ఇంజనీరు టేపు పట్టుకొని వచ్చి పొడవు, వెడల్పు, లోతు కొలిచి మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కిస్తేనే అది పని. ఎక్కిన తర్వాత ఆ రాత్రి వాన పడి గట్టు జారి గుంత పూడినా ఆ పైసలు ఎక్కడికీ పోవు. కొలత పడని పని మాత్రం వానపాలు. మళ్లీ మట్టి ఎత్తాలి, దానికి పైసా రాదు. అలాగని రోజూ కొలిపించుకుందామంటే కుదరదు. కొలతంటే సగం పూట పని ఆపాలి, గుంతల అంచులు సాపు చేయాలి, ఇంజనీరు కోసం ఎదురుచూడాలి. మా నాయన ఆకాశం చూసేవాడు. ఎండాకాలంలో పది పన్నెండు రోజులకోసారి కొలత. మృగశిర దగ్గరపడి మబ్బులు ఆడుతుంటే మూడు నాలుగు రోజులకే ఇంజనీరును బతిమాలి పిలిపించేవాడు. వాన భయం పెరిగేకొద్దీ కొలతలు దగ్గర దగ్గరగా.

నేను చదువుకున్న పుస్తకంలో దీన్ని చెక్‌పాయింట్ అన్నారు. పని మధ్యలో ఆపి, అప్పటిదాకా వచ్చిన లెక్కంతా భద్రంగా డిస్కు మీద దాచుకోవడం. మిషన్ పడిపోతే మొదటి నుంచి కాకుండా దాచిన చోటు నుంచి మొదలుపెట్టడం. ఎంతసేపటికోసారి దాచాలన్న దానికి 1974లోనే జాన్ యంగ్ అనే ఆయన చిన్న సూత్రం ఇచ్చాడు. ఒకసారి దాచడానికి పట్టే సమయాన్ని, సగటున రెండు చెడిపోవడాల మధ్య ఉండే సమయాన్ని గుణించి, రెండింతలు చేసి, వర్గమూలం తీయాలి. దాచడానికి 5 నిమిషాలు పడుతుంది, రోజుకొకసారి, అంటే 1,440 నిమిషాలకోసారి చెడిపోతుంది అనుకోండి. 2, 5, 1,440 గుణిస్తే 14,400. దాని వర్గమూలం 120. రెండు గంటలకోసారి దాచాలి.

ఆ రెండు గంటలు ఎందుకు సరైనవో పలక మీద చేసి చూడవచ్చు. రోజుకు పన్నెండుసార్లు దాచడానికి 60 నిమిషాలు పోతాయి. మిషన్ పడిపోయినప్పుడు సగటున గంట పని, అంటే మరో 60 నిమిషాలు, మళ్లీ చేయాలి. రెండు ఖర్చులూ సమానమైన చోట మొత్తం నష్టం అతి తక్కువ. భయపడి పావుగంటకోసారి దాస్తే దాచడానికే రోజులో ఎనిమిది గంటలు పోతాయి. ధీమాగా రోజుకొక్కసారే దాస్తే ఒక్క దెబ్బకు సగటున పన్నెండు గంటల పని మట్టిలో కలుస్తుంది. చెడిపోవడం ఆరు గంటలకోసారి అయితే? 3,600కు వర్గమూలం 60, గంటకోసారి. మబ్బులు చూసి కొలతలు దగ్గర చేసిన మా నాయనకు వర్గమూలం తెలియదు. లెక్క మాత్రం తెలుసు. ఈ పోలిక తట్టిన రోజు నుంచి ఆ సూత్రాన్ని నేను మరో రకంగా చెప్పలేదు.

ఇప్పటి పెద్ద పనుల్లో ఇది ఎంత అవసరమో తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. 2024లో మెటా కంపెనీ లామా 3 అనే ఏఐ భాషా నమూనాను ఎలా తయారుచేసిందో నివేదిక బయటపెట్టింది. అందులో 16,384 జీపీయూలు, అంటే ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే చిప్‌లు, ఒకే పని మీద నడిచిన 54 రోజుల లెక్క ఉంది. ఆ 54 రోజుల్లో పని 466 సార్లు ఆగింది. 47 సార్లు తామే కావాలని ఆపారు. మిగిలిన 419 అనుకోకుండా వచ్చినవి. అంటే మూడు గంటలకోసారి దెబ్బ. అయినా 90 శాతానికి పైగా సమయం అసలు పనికే ఉపయోగపడింది, మనుషులు గట్టిగా చేయి పెట్టాల్సి వచ్చింది మూడంటే మూడుసార్లు. నాకు ఆ 16,384 కన్నా ఈ మూడు అనే అంకె గొప్పగా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న ఏర్పాటే అసలు ఇంజనీరింగ్. ఆ నివేదికలో ఇంకో ముక్క ఉంది. మధ్యాహ్నపు వేడికి వాటి వేగంలో ఒకటి రెండు శాతం తేడా వచ్చేదట. మే నెలలో మా ల్యాబ్‌లో ఫ్యాన్లు గింగిర్లు తిరిగే చప్పుడు విన్నవాళ్లకు దాంట్లో వింతేమీ లేదు.

అయితే అన్ని పనులూ ఒక తీరువి కావు. స్లాబు పోసే రోజు చూసి ఉంటారు. కంకర కలిపే మిల్లరు దగ్గర నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటారు. నడుమ ఒక్కరు కళ్లు తిరిగి కూర్చుంటే వరసంతా ఆగుతుంది. పైన చెప్పిన భాషా నమూనా తయారీ అలాంటిది. అందరూ కలిసి అడుగు వేయాలి, ఒకటి ఆగితే అన్నీ ఆగి, దాచిన చోటు నుంచి మళ్లీ లేవాలి. కాల్వ తవ్వడం అలా కాదు. ఎవరి గుంత వాళ్లది. ఒక జోడీకి జ్వరమొస్తే వాళ్ల గుంత మాత్రమే ఆగుతుంది, దాన్ని ఇంకొకరికి ఇస్తే సరి. పని ఏ రకానిదో తెలుసుకోకుండా దానికి రక్షణ ఏర్పాటు చేయలేం.

గుంతల రకం పనికి దారి చూపింది 2004లో గూగుల్‌లో జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ రాసిన మ్యాప్‌రెడ్యూస్ పత్రం. అందులో మాస్టర్ అనే ప్రోగ్రాం అచ్చం మేస్త్రీలా ఉంటుంది. పనిని వేల ముక్కలు చేసి వర్కర్లకు, అంటే మిగతా మిషన్లలో నడిచే ప్రోగ్రాములకు పంచుతుంది, ఉన్నావా అని అప్పుడప్పుడు పలకరిస్తుంది. కొంతసేపు పలకకపోతే పోయినట్టే లెక్క కట్టి ఆ ముక్కను మరొకరికి ఇస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది, మా పిల్లలు పరీక్షలో ఎప్పుడూ తప్పేది ఇక్కడే. పని రెండు దశల్లో సాగుతుంది. మొదటి దశ పనిని వర్కర్ పూర్తి చేసినా సరే, తర్వాత ఆ మిషన్ పోతే ఆ పని మళ్లీ చేయించాలి, ఎందుకంటే దాని ఫలితం ఆ మిషన్ సొంత డిస్కులోనే ఉంది. రెండో దశ పనికి ఆ బెడద లేదు, దాని ఫలితం అందరికీ అందే ఉమ్మడి నిల్వలోకి చేరిపోయింది. ఒకటి జేబులో పెట్టుకున్న చీటీ, రెండోది బుక్కులోకి ఎక్కిన కొలత.

వాళ్లు చేసిన ఒక పరీక్ష నాకు బాగా ఇష్టం. టెరాబైటు సమాచారాన్ని వరసలో పేర్చే పని మామూలుగా 891 సెకన్లు పట్టింది. తర్వాత అదే పని నడుస్తుండగా 1,746 వర్కర్లలో 200 వర్కర్ ప్రోగ్రాములను కావాలనే చంపేశారు. పని 933 సెకన్లలో ముగిసింది. కేవలం 5 శాతం ఆలస్యం. ఇంకొకటి, చచ్చిన మిషన్ కన్నా ఈడ్చుకుంటూ నడిచే మిషన్‌తో ఎక్కువ బాధ. ఉన్నావా అంటే ఉన్నానంటుంది, పని మాత్రం తెమలదు. అందుకని పని చివరికొచ్చేసరికి ఇంకా మిగిలిన ముక్కలను ఖాళీ అయిన వర్కర్లకు కూడా ఇచ్చి, ఎవరు ముందు ముగిస్తే వారిది తీసుకున్నారు. ఈ ఏర్పాటు తీసేసి చూస్తే 891 సెకన్ల పని 1,283 సెకన్లకు పోయింది. కాల్వ చివరి గజాల దగ్గర వెనకబడ్డ జోడీ పక్కకు చేయి ఖాళీ అయిన జోడీని పంపడం నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో.

మా ల్యాబ్‌లో పనికిరావని పక్కన పడేసిన పన్నెండు పాత కంప్యూటర్లు తెచ్చి కలిపాం. ఆ వానల లెక్కల ప్రోగ్రామే వాటి మీద నడుపుతాం. మొన్న ఫైనల్ ఇయర్ పిల్లల ముందు అది 61 శాతం దగ్గరుండగా ఒక అమ్మాయిని పిలిచి, నీకిష్టమైన కంప్యూటర్ వెనకాల నీలం నెట్‌వర్క్ వైరు పీకేయమన్నాను. పిల్ల జంకింది. “పాడైతే మేడం?” అంది. పీకమన్నాను. బటన్ నొక్కిన చప్పుడంత చిన్న చప్పుడు. తెర మీద అంకె 61 దగ్గరే నిలిచింది. పది సెకన్లు, ఇరవై. వెనక బెంచీలో ఎవరో గుసగుస. ఇరవై ఎనిమిదో సెకను దగ్గర ఏడో నంబరు మిషన్ పేరు ఎర్రగా మారింది, దాని చేతిలోని మూడు ముక్కలు మూడు వేరే పేర్ల కిందికి పోయాయి, 62 పడింది. క్లాసంతా చప్పట్లు. ఇరవై రెండేళ్లలో నా పాఠానికి చప్పట్లు పడింది అప్పుడే.

ఆ అమ్మాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. వైరు చేతిలోనే పట్టుకొని అడిగింది. “మేడం, ఏడో నంబరు చావలేదు కదా. వైరే పోయింది. అది తన పని తను చేస్కుంటనే ఉంది. మళ్ల వైరు పెడితే వచ్చి నేను గూడ చేసిన అంటే?”

వాళ్ల అమ్మానాన్నలు పుణెలో లేబర్ పనికి పోతారు. ఈ ప్రశ్న ఆమెకే ముందు తట్టడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మా నాయన గుంపులో ఒకసారి ఒక జోడీ పీర్ల పండుగకని చెప్పకుండా ఊరికి పోయింది. రెండు రోజులు చూసి నాయన వాళ్ల గుంత వేరే జోడీకి ఇచ్చాడు. నాలుగో రోజు వాళ్లు తిరిగొచ్చి, గుంత మాది, సగం మేమే తవ్వాం అని గొడవ. దూరంగా ఉండి పలకనివాడు పోయాడో, ఆలస్యమయ్యాడో మేస్త్రీకి తెలిసే దారి లేదు. ఎంత పెద్ద కంప్యూటర్‌కైనా ఇదే ఇరకాటం. తెలియనప్పుడు మళ్లీ చేయించాలి. మళ్లీ చేయించినా నష్టం జరగకుండా ముందే చూసుకోవాలి. మ్యాప్‌రెడ్యూస్‌లో ఒక ముక్కకు ఒకసారి పూర్తయినట్టు లెక్క పడితే, అదే ముక్క గురించి రెండోసారి వచ్చిన కబురును మాస్టర్ పట్టించుకోదు. అదే పని రెండుసార్లు జరిగినా ఫలితం ఒక్కసారి జరిగినట్టే ఉండాలి. ఇది పాటించకపోతే ఎవరు నష్టపోతారో చెబుతాను. రెండేళ్ల కింద మా మేనల్లుడు ఒక ఆన్‌లైన్ దరఖాస్తుకు ఫీజు కడుతుండగా సర్వర్ ఆగింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. రెండుసార్లు పైసలు పోయాయి, దరఖాస్తు ఒక్కసారి కూడా పడలేదు. ఇంటర్నెట్ సెంటర్లో వాడి వెనక పదిహేను మంది వరసలో ఉన్నారు. అందరికీ చెప్పిన మాట ఒక్కటే, సర్వర్ డౌన్. సర్వర్ డౌన్ అవుతుంది, అది నాకు తెలుసు. పని మధ్యలో డౌన్ అయితే ఏం కావాలో ఆలోచించకుండా దాన్ని కట్టినవాళ్ల మీదే నా కోపం.

మరి మేస్త్రీయే పడిపోతే? 2004 నాటి ఆ ఏర్పాటులో మాస్టర్ ఒక్కటే ఉండేది, అది పోతే పని మొత్తం ఆపేసేవారు. అది ఒక్కటే కాబట్టి పడిపోయే అవకాశం తక్కువని వాళ్ల లెక్క. ఆ తర్వాత వచ్చిన పద్ధతుల్లో పక్కన ఇంకొక మాస్టర్‌ను సిద్ధంగా పెట్టడం మామూలైంది. నాయనకు ఒకసారి మలేరియా వచ్చి ఇరవై రోజులు పడుకుంటే, హాజరు బుక్కు ఏ రోజుకారోజు మా మేనమామ చేతా రాయించి ఉండబట్టి గుంపు చెదరలేదు.

ఆగిపోయిన మిషన్ పలకదు కాబట్టి కనీసం అనుమానమైనా వస్తుంది. తప్పు లెక్క చెప్పి నిమ్మళంగా ఉండేది ఇంకా ప్రమాదం. 1999లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ వాళ్లు సెటీ ఎట్ హోమ్ అని, లోకంలోని మామూలు జనాల ఇంటి కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడు వాటితో అంతరిక్షపు రేడియో సంకేతాలు వెతికించారు. ఎవరి కంప్యూటర్‌నూ నమ్మే వీలు లేదు కాబట్టి ఒకే ముక్కను ఒకరికి మించి ఇచ్చి, జవాబులు కలిస్తేనే లెక్కలోకి తీసుకునేవారు. కాల్వ గుంతలో నడుమ ఒక మట్టి దిబ్బను తవ్వకుండా వదిలేస్తారు, అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి. కొలతకు అదే సాక్షి. దాన్ని కదిలిస్తే మేస్త్రీ అయినా ఊరుకోడు.

ఇక్కడ పోలిక ఆపి ఒక మాట చెప్పాలి, లేకపోతే మా నాయనకు అన్యాయం చేసినదాన్ని అవుతాను. కంప్యూటర్ల ఏర్పాటులో పడిపోయే వాటి కోసం కొన్ని మిషన్లు ఖాళీగా ఉంచుతారు, వాటికీ కరెంటు, చల్లగాలి ఇస్తారు. ఆ ఖర్చు ముందే లెక్కలో ఉంటుంది. గుంపులో అలా ఎవరూ ఖాళీగా ఉంచలేదు. జ్వరం వచ్చిన జోడీ పనిని మిగతా జోడీల వీపులు మోశాయి. పడుకున్న రోజులకు కూలి లేదు, తీసుకున్న అడ్వాన్సు మాత్రం పెరిగింది. పని ఆగలేదని కాంట్రాక్టరు సంతోషించాడు. పని ఆగకపోవడానికి ఖర్చుంటుంది, దాన్ని ఎవరో ఒకరు భరిస్తారు. ఎవరు భరిస్తున్నారో ముందే చెప్పని ఏర్పాటును నేను మంచిదని ఒప్పుకోను, అది కాల్వ పనైనా కంప్యూటరైనా.

మళ్లీ మీ కథనం దగ్గరకు వస్తాను. వాన సమాచారం ఉప్పు పప్పుల లాగా ఈరోజు కాకపోతే రేపు తెచ్చుకునేది కాదు. రేపటి వాన సంగతి ఎల్లుండి చెబితే ఎవరికి పనికొస్తుంది? మా నారాయణపేట, గద్వాల వైపు రైతు తొలకరికి పత్తి గింజ పెట్టి, ఆ తర్వాత పది రోజులు మబ్బు కనపడకపోతే మళ్లీ గింజలు కొని పెడతాడు. ఒక ప్యాకెట్టుకు రెండు ప్యాకెట్లు, ఒక దున్నుడుకు రెండు దున్నుళ్లు. వాతావరణ లెక్క గడువులోపల ముగియాలి. నడుమ మిషన్లు పడినా ముగియాలి. కాబట్టి అర్క, అరుణికల గురించి రాసేటప్పుడు వేగం పక్కనే ఇదీ అడగండి. లెక్క మధ్యలో ఎన్ని మిషన్లు పడిపోతే తట్టుకోగలరు? ఎంతసేపటికోసారి దాచుకుంటారు? గడువు దాటకుండా ఏం చేస్తున్నారు? ఆ పని చేసే ఇంజనీర్లు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సంతోషిస్తారనే నా నమ్మకం. ఎవరూ అడగరు కాబట్టే వాళ్ల శ్రమ పత్రికకెక్కదు.

మా జిల్లాల కాలేజీలకూ మీ పత్రిక ద్వారా ఒక మనవి. పనిని ఇలా మిషన్లకు పంచి నడిపే మ్యాప్‌రెడ్యూస్, హడూప్, స్పార్క్ అన్న పేర్లు సిలబస్‌లో ఉన్నాయి. పిల్లలు నిర్వచనాలు అప్పజెప్పి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఏ ప్రాక్టికల్ పరీక్షలోనూ వైరు పీకమని అడగడం లేదు. ప్రాజెక్టు చూసే ఎగ్జామినర్ ప్రోగ్రాం సవ్యంగా నడిస్తే తల ఊపి మార్కులు వేస్తాడు. నడుస్తుండగా ఒక మిషన్ ఆపి చూపించు అని ఒక్క మాట అడిగితే ఆ సబ్జెక్టు సగం అక్కడే వచ్చేస్తుంది. దీనికి కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు. మూలన పడ్డ నాలుగు పాత డబ్బాలు, వాటిని కలపడానికి ఒక నెట్‌వర్క్ స్విచ్ ఉంటే చాలు. పాతవైతేనే నయం, అవి వాటంతటవే ఆగుతూ ఉంటాయి. నల్గొండలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఏ కాలేజీ వాళ్లు అడిగినా మా ప్రోగ్రాం ఇస్తాను, ఒక రోజు వచ్చి పెట్టి చూపిస్తాను, బస్సు చార్జీ కూడా అడగను.

మా నాయన ఇప్పుడు లేడు. ఆయన ఆఖరి హాజరు బుక్కు నా దగ్గర ఉంది. నీలం అట్ట, మూలలు నలిగి మట్టి రంగు పట్టింది. ప్రతి పేజీలో జోడీల పేర్లు, గుంత నంబర్లు, కొలత పడ్డ తేదీ దగ్గర గుండ్రంగా చుట్టిన గీత ఉంటాయి. కొన్ని పేర్ల మీద కొట్టివేత, పక్కనే అదే గుంతకు ఇంకొక పేరు, దాని కింద ఆయన వంకర అక్షరాలతో “ఈడి నుంచి” అని ఒక గుర్తు. ఏ పని ఎవరికివ్వాలో చూసే షెడ్యూలర్ పాఠం మొదలుపెట్టే రోజు ఆ బుక్కు క్లాసుకు తీసుకుపోయి పిల్లల చేతికి ఇస్తాను.

వచ్చే నెల మొదటి శనివారం మధ్యాహ్నం మా ల్యాబ్‌లో మళ్లీ ఆ పన్నెండు కంప్యూటర్లను నడుపుతున్నాం. ఈసారి మాస్టర్ వైరు పీకాలని పిల్లలే నిర్ణయించారు. పక్క మాస్టర్ అందుకుంటుందో లేదో నాకూ ఇంకా తెలియదు, ఇప్పటికి రెండుసార్లు తప్పింది. వీలైతే మీ విలేకరిని పంపండి. వైరు ఎప్పుడు పీకాలో ఆయనే చెప్పాలి, మేం ముందుగా తెలుసుకోకూడదు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు,
మహబూబ్‌నగర్.